తరగతిలో, నలుగురిలో బాడీ లాంగ్వేజ్: చూడటం, వాడటం ఎలా

"అర్థమైందా?" అని అడగ్గానే క్లాసంతా తలూపుతుంది. ఆ తలూపుల్లో కొన్నింటికి "అయింది" అని అర్థం. కొన్నింటికి "నన్ను మాత్రం లేపకండి" అని, మరికొన్నింటికి "బెల్లు కొట్టే వేళయింది, కానివ్వండి" అని. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. బాడీ లాంగ్వేజ్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఫలానా కదలికకు ఫలానా అర్థం అని పట్టిక ఇచ్చేస్తారు: చేతులు కట్టుకుంటే మొండితనం, ముక్కు గోక్కుంటే అబద్ధం, చూపు తిప్పుకుంటే తప్పు చేసినట్టు. అలాంటి పట్టికేదీ నిలబడదు. చేతులు కట్టుకున్న మనిషికి చలేసి ఉండొచ్చు. ఏదో జరుగుతోందని మాత్రమే కదలిక చెబుతుంది, అదేమిటో చెప్పదు. అది తెలియాలంటే అడగాలి, లేదా చిన్న పని ఇచ్చి చూడాలి. కింద రాసినదంతా ఈ వరుసలోనే సాగుతుంది: చూడటం, ఊహించడం, ఊహను సరిచూసుకోవడం.

ఇది పాఠం చెప్పేవాళ్ళకు, శిక్షణ ఇచ్చేవాళ్ళకు, పిల్లల్ని దగ్గర కూచోబెట్టుకుని చదివించేవాళ్ళకు, నలుగురిలో మాట కలపడానికి తడబడేవాళ్ళకు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్కో మెట్టుకు ఒక వారం ఇవ్వండి. నిలబడే తీరు, చూపు, చేతులు, గొంతు అన్నీ ఒకే రోజు మార్చుకోబోతే చెప్పాల్సిన పాఠమే మర్చిపోతారు.

ముందుగా ఒక లెక్కను వదిలించుకోండి

"మాటలకు 7 శాతం, గొంతుకు 38, ముఖానికి 55" అన్న లెక్క వ్యక్తిత్వ వికాస శిక్షణల్లో తరచూ వినిపిస్తుంది. దీని మూలం మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రబియన్, ఆయన సహచరులు 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాలు. ఒకదానిలో విడివిడి పదాలను రకరకాల గొంతుల్లో వినిపించారు. రెండోదానిలో ఒకే పదాన్ని వేర్వేరు స్వరాల్లో వినిపిస్తూ ముఖాల ఫోటోలు చూపించారు. అడిగిన ప్రశ్న ఒక్కటే: మాట్లాడే మనిషికి అవతలివాళ్ళంటే ఇష్టం ఉన్నట్టుందా, లేనట్టుందా? మాటకూ స్వరానికీ ముఖానికీ పొత్తు కుదరనప్పుడు జనం మాట కన్నా మిగతా రెండింటినే ఎక్కువ నమ్మారు. అంతకుమించి అందులో ఏమీ లేదు. భిన్నాల పాఠంలో 93 శాతం టీచర్ మొహంలోనే ఉంటే, రాని భాషలో చెప్పినా పిల్లలకు లెక్కలు వచ్చెయ్యాలి. ఇష్టాయిష్టాలు చెప్పే సందర్భంలో తప్ప తన లెక్క వర్తించదని మెహ్రబియన్ స్వయంగా చెప్పారు.

అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మాటకూ ఒంటికీ పొత్తు కుదరకపోతే మాటే ఓడిపోతుంది. "సందేహాలుంటే అడగండి" అంటూ వెనక్కి తిరిగి బోర్డు తుడవడం మొదలుపెడితే ఎవరూ అడగరు. ఆ తర్వాత "వీళ్ళకు సందేహాలే రావు" అనుకుంటాం.

మొదటి మెట్టు: చూసింది చూసినట్టు రాయడం

ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు కంటికి కనబడింది, చెవికి వినబడింది. కుడివైపు మీ ఊహ. పది నిమిషాలు, ఒకే మనిషిని లేదా ఇద్దరిని చూడండి. మీ క్లాసులో మీరే చెబుతూ చూడటం కష్టం, కాబట్టి మొదట వేరొకరు చెబుతున్న క్లాసులోనో ఏదైనా మీటింగులోనో వెనక కూర్చుని చేయండి. ఎందుకు వచ్చారో ముందే చెప్పి, అనుమతి తీసుకుని కూర్చోవాలి.

ఎడమవైపు "విసుగ్గా ఉన్నాడు" అని రాస్తే తప్పు. అది ఊహ. "పెన్ను మూత మూడుసార్లు తీసి పెట్టాడు, చూపు కిటికీ వైపు, కాలు ఆడిస్తున్నాడు" అని రాస్తే సరైనది. మొదటి రెండు రోజులు ఈ రెండింటినీ విడదీయడమే పెద్ద పని. "కోపంగా చూసింది" అన్న మాటలో చూపెంత, కోపమెంత అని మీకు మీరే అడ్డుపడుతూ ఉండాలి.

రాసింది చదువుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి మామూలుగా ఎలా ఉంటాడు? ఎప్పుడూ కాలు ఆడించేవాడు ఈరోజూ ఆడిస్తే అది వార్త కాదు, ఆపేస్తే వార్త. మార్పు ఎప్పుడు వచ్చింది? దానికి ముందు నాలుగైదు సెకన్లలో ఏం జరిగిందో చూస్తే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది: బోర్డు మీద కొత్త గుర్తు పడింది, ఎవరో కిసుక్కుమన్నారు, పేరు పిలిచారు. ఒక్క సూచనేనా, రెండు మూడు కలిసి వచ్చాయా? నొసలు చిట్లించడం ఒక్కటే అయితే వెలుతురు కావచ్చు. నొసలు చిట్లించి, రాయడం ఆపి, పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తే, అర్థం కాలేదేమో అని అనుమానించడానికి ఆధారం ఉన్నట్టు.

ఇక్కడ అతి నమ్మకం పనికిరాదు. అబద్ధాన్ని కనిపెట్టడంపై జరిగిన వందలాది ప్రయోగ ఫలితాలను బాండ్, డిపాలో అనే పరిశోధకులు 2006లో ఒకచోట చేర్చి చూస్తే, నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పినవి సగటున 54 శాతం. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. ముఖం నుంచి భావం చదవడమూ అంతంత మాత్రమే. కోపం వచ్చినా మొహం చిట్లించని సందర్భాలే ఎక్కువని, మొహం చిట్లించినా కోపం కాకపోవచ్చని లిసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో చేసిన పెద్ద సమీక్ష తేల్చింది. గట్టిగా ఆలోచిస్తున్న పిల్లాడి మొహం, కోపంగా ఉన్న పిల్లాడి మొహం పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. కాబట్టి పోలీసు పని పెట్టుకోకండి.

కదలికల్లో రకాలు

పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1969లో కదలికలను ఐదు రకాలుగా విడదీశారు. ఆ విభజన ఇప్పటికీ చేతికి అందొస్తుంది. మాటకు బదులు వాడే గుర్తులు మొదటివి, ఉదాహరణకు నోటి మీద వేలు పెట్టి "ష్" అనడం. మాటతో పాటు సాగుతూ దాన్ని బొమ్మ గీసినట్టు చూపేవి రెండోవి. పాఠంలో అన్నిటికన్నా విలువైనవి ఇవే. సంభాషణ వంతుల్ని నడిపే తలూపులు, చూపులు మూడోవి. భావాన్ని చూపేవి నాలుగోవి. జుట్టు తిప్పుకోవడం, గోళ్ళు గిల్లుకోవడం, ఉంగరం తిప్పడం లాంటి తమను తాము సముదాయించుకునే పనులు ఐదోవి.

ఈ ఐదో రకాన్ని చూసి చిరాకు పడి "ఆపు" అనడం తరచూ జరిగే పొరపాటు. అవి తరచూ శ్రద్ధ నిలబెట్టుకోవడానికో ఆందోళన దించుకోవడానికో చేసేవి. పక్కవాళ్ళకు ఇబ్బంది లేనంత వరకు వదిలేయండి.

రెండో మెట్టు: చేతులు

చేతుల్ని పిల్లలు చెప్పేదానికి అలంకారంలా చూస్తాం కానీ, మాటలో ఇంకా రాని ఆలోచన కొన్నిసార్లు ముందు చేతిలోకి వస్తుంది. సూసన్ గోల్డిన్-మెడో, బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్ 1986లో ప్రచురించిన పని దీనికి చక్కటి ఉదాహరణ. పొడవాటి గ్లాసులోని నీళ్ళను వెడల్పాటి గిన్నెలో పోసి, "నీళ్ళు అంతే ఉన్నాయా, మారాయా?" అని అడుగుతారు. ఒక పిల్ల "మారాయి, ఇది పొడుగ్గా ఉంది, అది పొట్టిగా ఉంది" అంటూ చేతిని అడ్డంగా పెట్టి ఎత్తు చూపిస్తుంది. ఇక్కడ మాట, చెయ్యి ఒకటే చెబుతున్నాయి. ఇంకో పిల్ల అదే మాట అంటుంది కానీ చేతుల్ని గిన్నె చుట్టూ పట్టినట్టు వంచి వెడల్పు చూపిస్తుంది. ఎత్తు తగ్గితే వెడల్పు పెరిగిందన్న సంగతి చేతికి తెలుసు, నోటికింకా తెలియదు. పాఠం చెప్పాక ఎక్కువగా ముందుకెళ్ళింది ఈ రెండో రకం పిల్లలే.

కాబట్టి తప్పు జవాబు వినగానే దిద్దకండి. "ఎలా అనుకున్నావో చూపించు" అని అడిగి, చేతుల్లో పెన్ను, పుస్తకం లేకుండా చూసుకుని, చేతుల వైపు చూడండి. మాటకూ చేతికీ తేడా కనబడితే చేతిలో ఉన్నదాన్ని మీరు మాటలో పెట్టండి: "నువ్వు ఇలా పట్టుకున్నావు కదా, వెడల్పు గురించి ఏమన్నా అనుకున్నావా?" మీరే జవాబు చెప్పేయకుండా అడగడం ముఖ్యం.

మీ చేతులు వాడే తీరుకు ఒక లెక్క తీసుకుందాం. బోర్డు మీద 5 + 4 + 7 = __ + 7 అని ఉంది. చాలామంది పిల్లలు ఖాళీలో 16 రాస్తారు, ఎందుకంటే సమానం గుర్తును "ఇక జవాబు రాయి" అన్న ఆజ్ఞగా చదువుతారు. కొందరు కనబడిన అంకెలన్నీ కలిపేసి 23 రాస్తారు. ఇలా చేయండి:

1. ఏమీ మాట్లాడకుండా ఎడమ చేత్తో సమానం గుర్తుకు ఎడమవైపు మొత్తం కింద ఒక గీత గీస్తున్నట్టు చెయ్యి జరపండి. తర్వాత అదే కదలిక కుడివైపు చేయండి. రెండు వైపులూ ఒకటి కావాలని ఇది చెబుతుంది.
2. ఇప్పుడు చూపుడు వేలు, మధ్య వేలు విడదీసి 5 కింద ఒకటి, 4 కింద ఒకటి ఉంచండి. రెండు సెకన్లు అలాగే ఆపండి.
3. ఆ రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చి, చూపుడు వేలుతో ఖాళీని చూపండి.
4. ఆ తర్వాతే నోరు తెరవండి: "ఈ వైపూ ఆ వైపూ ఒకటే ఉండాలి."
5. పిల్లల చేత అదే కదలిక వాళ్ళ పుస్తకం మీద చేయించండి.

ఐదో అంచె వదిలేయడమే ఎక్కువగా జరిగే లోపం. టీచర్ చేయి చూడటం కన్నా తన చెయ్యి తిప్పడం మరింత మేలు చేస్తుంది. ఈ రకం లెక్కల మీద కుక్, మిచెల్, గోల్డిన్-మెడో 2008లో ప్రచురించిన ప్రయోగంలో, చేయి ఆడిస్తూ నేర్చుకున్న పిల్లలు నాలుగు వారాల తర్వాత కూడా నేర్చుకున్నది నిలబెట్టుకున్నారు. మాటలతో మాత్రమే నేర్చుకున్నవాళ్ళలో అది అంతగా నిలవలేదు.

ఇంకో మెలకువ. మీరు పిల్లలకు ఎదురుగా నిలబడితే మీ కుడి వాళ్ళకు ఎడమ. సంఖ్యారేఖ, కాలక్రమం, ఎడమ నుంచి కుడికి సాగే ఏదైనా సరే, గాలిలో చూపించేటప్పుడు వాళ్ళ వైపు నుంచి సరిగ్గా కనబడేలా తిప్పి చూపండి, లేదా పక్కకు తిరిగి బోర్డు మీదే చూపండి. చెయ్యి ఛాతీ, భుజాల మధ్య ఎత్తులో ఉండాలి. నడుము కిందికి దిగితే వెనక బెంచీకి కనబడదు. ఒక విషయానికి ఒకే సంజ్ఞ పెట్టుకోండి. గుణకారానికి ఈరోజు ఒకటి, రేపు ఒకటి వాడితే అది గజిబిజి తప్ప సాయం కాదు.

మూడో మెట్టు: ఆగడం

ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగకుండానే ఇంకొకరిని లేపుతారని, లేదా తామే జవాబు చెప్పేస్తారని మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు క్లాసుల రికార్డింగులు విని చూపించారు. ఆ ఆగే కాలాన్ని మూడు సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ చేస్తే జవాబులు పొడవయ్యాయి, లేపకుండానే చెప్పేవాళ్ళు పెరిగారు, జవాబే లేని సందర్భాలు తగ్గాయి.

ఆగాల్సిన చోట్లు రెండు. ప్రశ్న తర్వాత ఒకటి, పిల్లాడి జవాబు తర్వాత ఇంకొకటి. ఈ రెండోది మనవాళ్ళకు అసలు అలవాటు లేదు. జవాబు చివరి అక్షరం పడకముందే "వెరీ గుడ్" పడుతుంది. మూడు సెకన్లు ఆగితే ఆ పిల్లాడే "ఎందుకంటే..." అని కొనసాగిస్తాడు, లేదా పక్కవాడు అందుకుంటాడు.

మూడు సెకన్లు తక్కువ అనిపిస్తుంది కానీ నలుగురి ముందు నిలబడి ఆగితే గంటలా ఉంటుంది. మనసులో నెమ్మదిగా "ఒకటి... రెండు... మూడు..." లెక్కపెట్టుకోండి. ఆగేటప్పుడు ఒళ్ళు కూడా ఆగాలి. నోరు ఆపి, చేత్తో సుద్దముక్క ఎగరేస్తూ గడియారం చూస్తే మీరు ఆగలేదన్నట్టే. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు వదులుగా ఉంచి, కనుబొమలు కాస్త పైకెత్తి క్లాసంతా ఒకసారి చూడండి. ప్రశ్న వేసి ఆగాకే పేరు పిలవండి. ముందే "రమా, నువ్వు చెప్పు" అనేస్తే రమ తప్ప అందరూ ఆలోచించడం మానేస్తారు. ఎక్కాల్లాంటి కంఠతా జవాబులకు మాత్రం ఇంత ఆగక్కర్లేదు. అక్కడ ఆగితే విసుగే.

నాలుగో మెట్టు: చూపు

"నా వంక చూసి చెప్పు" అనడం మానేయండి. కష్టమైన ప్రశ్న ఎదురైనప్పుడు మనుషులు పైకో పక్కకో చూస్తారు, ఎందుకంటే ఎదుటి ముఖం చూడటమే మెదడుకు ఒక పని. ఆ పని తప్పించుకుంటే ఆలోచనకు చోటు దొరుకుతుంది. ఆలోచించేటప్పుడు చూపు తిప్పుకోమని ప్రోత్సహిస్తే ఐదేళ్ళ పిల్లల జవాబులు మెరుగయ్యాయని గ్విన్నెత్ డోహర్టీ-స్నెడన్ బృందం చూపించింది. కాబట్టి ప్రశ్న అడిగాక పిల్లాడు కప్పు వంక చూస్తుంటే పరధ్యానం అనుకోకండి, లోపల పని నడుస్తుండొచ్చు. చూపు మళ్ళీ మీ వైపు తిరిగి, ఏమీ అనకుండా నిలబడిపోతే అప్పుడు సాయం చేయండి.

మీ చూపు సంగతి. క్లాసులో ఒక్కొక్కరి మీద రెండు మూడు సెకన్లు, అంటే ఒక చిన్న వాక్యం పూర్తయ్యేంత. 2016లో నికోలా బినెట్టి బృందం దాదాపు 500 మందికి, తమనే చూస్తున్నట్టున్న ముఖం వీడియో చూపిస్తే, ఎక్కువమందికి సౌకర్యంగా అనిపించిన నిడివి సగటున మూడు సెకన్ల పైచిలుకు. అంతకన్నా ఎక్కువ నిలిపితే గుచ్చినట్టుంటుంది, తక్కువైతే చూపు జారినట్టుంటుంది. గదిని నాలుగు భాగాలుగా అనుకుని, ప్రతి భాగంలో ఒకరిని ఎంచుకుని తిప్పండి. చక్రంలా ఒకే వరుసలో తిప్పకండి, తమ వంతు ఎప్పుడొస్తుందో పిల్లలు కనిపెట్టేస్తారు.

నవ్వు గురించి ఒక ముక్క. క్రౌట్, జాన్‌స్టన్ 1979లో బౌలింగ్ ఆడేవాళ్ళను గమనిస్తే, పిన్నులన్నీ పడగొట్టి ఇంకా అటే చూస్తున్నప్పుడు నవ్వినవాళ్ళు చాలా తక్కువ. స్నేహితుల వైపు తిరిగాక నవ్వారు. నవ్వు లోపలి సంతోషం పొంగి రావడం కన్నా ఎదుటివాళ్ళకు చేసే పలకరింపు. ఒంటరిగా కూర్చుని లెక్క చేసుకుంటున్న పిల్ల మొహంలో నవ్వు లేదని బెంగపడనక్కర్లేదు.

ఐదో మెట్టు: ఎక్కడ నిలబడాలి

మనిషికీ మనిషికీ మధ్య ఉండే దూరానికి మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో ఇచ్చిన కొలతలు అందరూ వాడేవి: 45 సెంటీమీటర్ల లోపు అతి దగ్గరివాళ్ళకు, అక్కడి నుంచి 1.2 మీటర్ల వరకు స్నేహితులకు, 3.6 మీటర్ల దాకా పరిచయస్తులకు, పనులకు, ఆపైన సభలకు. ఆయన ఇవి అమెరికాలో ఒక వర్గం పెద్దవాళ్ళను చూసి తీసిన కొలతలని ఆయనే రాశారు. అంకెల్ని పట్టుకుని వేలాడకండి. మీరు ఒక అడుగు ముందుకేస్తే ఎదుటివాళ్ళు వెనక్కి వాలారా, పుస్తకం అడ్డం పెట్టుకున్నారా అన్నది చూడండి. వాలితే అడుగు వెనక్కి తీసుకోండి.

తప్పు దిద్దేటప్పుడు వెనక నుంచి భుజం మీదుగా వంగకండి. పక్కకు వచ్చి, మోకాళ్ళ మీద వంగి గానీ కుర్చీ లాక్కుని గానీ పిల్ల కళ్ళ ఎత్తుకు దిగండి. ఇద్దరూ ఒకే వైపు, అంటే పుస్తకం వైపు చూస్తూ మాట్లాడుకుంటే తప్పు పుస్తకంలో ఉంటుంది, పిల్ల మీద ఉండదు.

అల్లరి చేసే బెంచీ దగ్గరికి పాఠం ఆపకుండా, వాళ్ళ వంక చూడకుండా నడిచి వెళ్ళి, ఒక మీటరు దూరంలో నిలబడి రెండు మూడు వాక్యాలు చెప్పి ముందుకు సాగండి. చాలాసార్లు ఇది చాలు. పాఠం ఆపి, నడుము మీద చేతులు పెట్టి గుడ్లురిమితే వాళ్ళకు మీరే స్టేజీ కట్టిచ్చినట్టు.

ముందు వరుసలోనూ, గది నడిమధ్యగా వెనక్కి సాగే వరుసలోనూ కూర్చున్నవాళ్ళకే మాట్లాడే అవకాశం ఎక్కువ దక్కుతుందని ఆడమ్స్, బిడిల్ 1970లోనే గమనించారు. టీచర్ ముందే నిలబడతారు, చూపు నేరుగా పోయే చోటికే పోతుంది, పేరు అక్కడే పిలుస్తారు. విరుగుడు సులువు: పీరియడ్‌లో కనీసం మూడు చోట్ల నుంచి పాఠం చెప్పండి, వాటిలో ఒకటి గది వెనక మూల. కానీ నడుస్తూ నడుస్తూ ముఖ్యమైన మాట చెప్పకండి. ఆగి, రెండు కాళ్ళ మీద బరువు సమంగా వేసి చెప్పి, తర్వాత కదలండి.

గొంతు విషయంలో ఒకటే చాలు. గోల పెరిగిందని గొంతు పెంచితే గోల మీ గొంతును మించుతుంది. వాక్యం మధ్యలో ఆగి, వాళ్ళు తలెత్తాక, మామూలు కన్నా తగ్గించి మొదలుపెట్టండి.

ఆరో మెట్టు: సంభాషణలో వంతులు

ఒకరు ఆపి ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సాధారణంగా సెకనులో ఐదో వంతు. పది భాషల్లో చూసి స్టివర్స్ బృందం 2009లో ఈ మాట చెప్పింది. అంత తక్కువ సమయంలో ఆలోచించి మొదలుపెట్టడం సాధ్యం కాదు. అంటే అవతలివాళ్ళు ముగించబోతున్నారని మనం ముందే పసిగడుతున్నామన్నమాట. ఆ సూచనలివి: స్వరం దిగుతుంది, గాలిలో ఉన్న చెయ్యి ఒళ్ళోకో బల్ల మీదికో వస్తుంది, పక్కకు పోయిన చూపు తిరిగి మీ మీదికి వస్తుంది. ఆడమ్ కెండన్ 1967లోనే ఈ చూపు సంగతి గమనించారు.

మాట్లాడాలని ఉండి చోటు దొరకనివాళ్ళు ఇలా చేసి చూడండి:

1. వెనక్కి వాలి ఉంటే ముందుకు రండి. మోచేతులు బల్ల మీద పెట్టండి.
2. మాట్లాడేవాళ్ళ చెయ్యి దిగేటప్పుడు, మీ చేతిని బల్ల మీద నుంచి జానెడు పైకెత్తి, వినబడేలా ఊపిరి తీసుకోండి.
3. వాళ్ళ కళ్ళలోకి చూడండి. మొదటి మాట చిన్నదిగా, కాస్త గట్టిగా: "ఒక్క విషయం."
4. అవకాశం రాకపోతే చెయ్యి దించకండి. దించితే విరమించుకున్నట్టే. మీటింగు నడిపేవాళ్ళు చూడాల్సింది ఈ ఆగిపోయిన చేతినే.

వినేటప్పుడు గంగిరెద్దులా ఆపకుండా తలూపకండి. వాక్యం తెగిన చోట ఒక్కసారి, నెమ్మదిగా ఊపితే "వింటున్నాను" అని. గబగబా మూడు నాలుగుసార్లు ఊపితే "తెలిసింది, తొందరగా కానివ్వు" అని వెళ్తుంది.

గుంపులో కలవాలంటే ముందు కాళ్ళ వైపు చూడండి. ఇద్దరు నేరుగా ఎదురెదురుగా నిలబడి, పాదాలు ఒకరి వైపు ఒకరు పెట్టుకుంటే అది ఇద్దరి మాట, కదిలించకండి. కాస్త ఏటవాలుగా, మధ్యలో మూడో మనిషికి చోటున్నట్టు నిలబడితే ఆ ఖాళీ అంచున ఆగి, నడుస్తున్న మాట విని, ఒకరు మీ వైపు తిరిగి చోటిచ్చాక కలవండి. పాదం తలుపు వైపు తిరగడం, జవాబులు కురచవడం, సంచి చేతిలోకి రావడం, "సరే మరి" అనడం, ఇవన్నీ కలిసి వస్తే వాళ్ళను వదిలిపెట్టే వేళయింది. ఒక్క పాదం తిరిగితే మాత్రం కాలు పట్టేసిందేమో.

వీడియో కాల్‌లో

తెర మీద వంతుల లెక్క చెడుతుంది. ఆలస్యం కొద్దిగా ఉన్నా ఐదో వంతు సెకను ఖాళీ నిలవదు. అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. అవతలి గొంతు ఆగాక మనసులో రెండు లెక్కపెట్టి మొదలుపెట్టండి. పాఠంలో అయితే ఎవరి తర్వాత ఎవరో పేరు చెప్పి వంతు ఇవ్వండి.

కెమెరా కళ్ళ ఎత్తులో, చాచిన చేతి దూరంలో. తల నుంచి ఛాతీ దాకా కనబడాలి, లేదంటే చేతులు వాడినా లాభం లేదు. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే మొహం నల్లగా కనిపిస్తుంది. అవతలి ముఖం కనిపించే విండోను తెరపై కెమెరాకు సరిగ్గా కిందకు జరపండి. ఎప్పుడూ కెమెరాలోకే చూడమన్న సలహా పాటించకండి. అలా చేస్తే వాళ్ళ ముఖం మీకు కనబడదు. ముఖ్యమైన వాక్యం చెప్పేటప్పుడు కెమెరాలోకి, మిగతా సమయం ముఖాల వైపు. మీ బొమ్మ మీకు కనబడకుండా దాచేయండి, గంటసేపు అద్దంలో చూసుకుంటూ మాట్లాడితే ఎవరైనా అలసిపోతారు.

అందరికీ ఒకే కొలత కాదు

ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి కళ్ళలోకి చూడటం బాధ కలిగిస్తుంది, చూడకుండా ఉన్నప్పుడే బాగా వింటారు. వాళ్ళ నుంచి చూపు కోరకండి. శ్రద్ధను జవాబుతో కొలవండి. మీ వైపు నుంచి సూచనల మీద వదిలేయకుండా మాటలో చెప్పండి: మొహం ముడిచి వాళ్ళే గ్రహిస్తారని ఎదురుచూడకుండా "ఇప్పుడు నా వంతు, నేను ముగించాక నువ్వు చెప్పు" అనండి.

వినికిడి లోపం ఉన్నవాళ్ళు పెదవులు, ముఖం చూసి సగం పని చేసుకుంటారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, నోటికి చెయ్యి, పుస్తకం అడ్డం పెట్టకండి, కిటికీకి వీపు పెట్టి నిలబడకండి. సైగల భాష దుబాసీ ఉంటే మాట మాత్రం విద్యార్థి వైపే చూసి చెప్పాలి. చూపు లేనివాళ్ళతో తలూపడం వ్యర్థం, "ఊఁ" అనండి. ఎవరిని అడుగుతున్నారో పేరు పెట్టి పిలవండి, "ఇక్కడ", "ఇలా" అని చేత్తో చూపకుండా ఎక్కడో చెప్పండి, గది నుంచి వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి.

ఏడో మెట్టు: ఊహను సరిచూసుకోవడం

ఇక్కడ దాకా చూసిందంతా ఊహే. సరిచూసుకోవడానికి రెండు పద్ధతులు వాడండి. ఒకటి వేళ్ళు: "బాగా వచ్చింది అంటే మూడు, కొంచెం అంటే రెండు, రాలేదు అంటే ఒకటి" అని చెప్పి, వేళ్ళను ఛాతీకి ఆనించి మీకు మాత్రమే కనబడేలా చూపమనండి. చెయ్యి పైకెత్తమంటే పక్కవాడిని చూసి ఎత్తుతారు. కానీ ఇది వాళ్ళు అనుకుంటున్నది మాత్రమే, వచ్చిందో లేదో కాదు. కాబట్టి వెంటనే రెండోది: ఒక్క లెక్క, ఒక్క నిమిషం, చిన్న కాగితం మీద. మూడు వేళ్ళు చూపించి లెక్క తప్పిన పిల్లలు ఎవరో చూసుకోండి. తలూపి మోసపుచ్చేది వాళ్ళే, అదీ కావాలని కాదు.

ఒకే మనిషితో మాట్లాడేటప్పుడు చూసింది చెప్పి, ఊహను ప్రశ్నగా పెట్టండి. "ఎందుకలా మొహం పెట్టావు?" అంటే నేరం మోపినట్టు. "రెండో లైను దగ్గర రాయడం ఆపావు. అక్కడ ఏమన్నా తేడాగా అనిపించిందా?" అంటే జవాబు వస్తుంది.

మిమ్మల్ని మీరు రికార్డు చేసుకోవడం

నళిని అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ 1993లో ఒక్కో టీచర్ వీడియో నుంచి పదేసి సెకన్ల ముక్కలు మూడు తీసుకుని, శబ్దం తీసేసి, ఎన్నడూ చూడనివాళ్ళకు చూపించారు. ఆ ముప్పై సెకన్లు చూసి వాళ్ళు వేసిన అంచనాలు, చదువు కాలం ముగిశాక విద్యార్థులు ఆ టీచర్లకు ఇచ్చిన మార్కులకు గట్టిగానే సరిపోయాయి. సరిపోయింది మెప్పుకోలుతోనే, పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నది వేరే లెక్క. అయినా ఇది మనకొక పద్ధతి ఇస్తుంది.

పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్ గది వెనక, మీరు నిండుగా కనబడేలా పెట్టండి. పిల్లల ముఖాలు పడేట్టయితే అనుమతి ఉండాలి, చూశాక తీసేయాలి. మొదటిసారి శబ్దం ఆపేసి చూడండి: ఎటువైపు ఎక్కువ తిరుగుతున్నారు, చేతులు ఎక్కడున్నాయి, వీపు ఎంతసేపు. రెండోసారి తెర మూసి వినండి: ప్రశ్నల తర్వాత ఎన్ని సెకన్లు ఆగారో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలిచి రాయండి. మూడోసారి రెండూ కలిపి. ఒక్క విషయం ఎంచుకోండి, దాన్నే వారం పాటు మార్చండి, మళ్ళీ అదే గదిలో అదే చోట ఫోన్ పెట్టి తీయండి. మొదటి వీడియో చూసుకున్నప్పుడు అందరి దృష్టీ జుట్టు మీదికీ పొట్ట మీదికీ పోతుంది. దాన్ని ఆ రోజుకు పక్కన పెట్టి, మర్నాడు కూర్చుని ఆగిన సెకన్లు లెక్కపెట్టండి.